రహదారి రక్షణము : ఇంజనీరుల ధర్మము

(మార్కాపురమున ఇంజనీరులును పౌరులును కూడిన సభలో చేసిన ఉపన్యాసము)



పడమటి ప్రకాశమునకు మంచి రోడ్లు లేవని మన పెద్దలు చిరకాలము మొఱపెట్టుకొనిరి. ఆ మొఱ నేటికి చాలవఱకు తీఱినది. అనంతపురమునుండి గుంటూరునకు పోవు 544-డి సంఖ్యగల జాతీయ రహదారి నల్లమలను దాటి గిద్దలూరు, కంభము, తోకపల్లెల మీదుగా సాగుచున్నది. నకిరేకల్లునుండి బయలుదేఱిన 565వ రహదారి మాచర్ల, ఎఱ్ఱగొండపాలెములను దాటి మార్కాపురము, కనిగిరి, పామూరుల మీదుగా ఏర్పేడునకు పోవుచున్నది. హైదరాబాదునుండి శ్రీశైలము మీదుగా వచ్చు 765వ రహదారి దోర్నాల దిగి తోకపల్లె వద్ద కలియుచున్నది. ఒకనాడు కర్నూలు జిల్లాకు కొసనుండి, 1970లో క్రొత్త జిల్లాలో చేరి, అందును కొసనే నిలిచిన ఈ సీమ నేడు మూడు రహదారులు కూడు చోటైనది. సంతోషమే. కాని రోడ్డు వచ్చినది గదా యని మనము తృప్తిపడునంతలో రెండవ మొఱ బయలుదేఱినది. అది రోడ్డుమీద ప్రాణము పోయినవారి యిండ్లనుండి వచ్చు మొఱ. దానిని గుఱించియే నేడు మీతో మాటలాడదలచితిని.

ఇది యొక్క సీమ దుఃఖము కాదు. కేంద్ర రవాణాశాఖ ప్రకటించిన లెక్కలనుబట్టి 2022వ సంవత్సరమున భారతదేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగినవి. వానిలో 1,68,491 మంది మృతినొందిరి. దేశములోని మొత్తము రోడ్ల పొడవులో జాతీయ రహదారులు నూటికి సుమారు రెండు పాళ్ళు మాత్రమే. కాని ఆ యేటి మృతులలో నూటికి ముప్పదియాఱుగురు వానిమీదనే ప్రాణములు విడిచిరి. ఏ యుద్ధమునందైన ఒక్క సంవత్సరములో ఇంతమంది పోయినచో దేశమంతయు అట్టుడికినట్లు ఉడికిపోవును. రోడ్డుమీద ఒక్కొక్కరుగా, ఇద్దరిద్దరుగా పోవుచున్నారు గనుక పత్రికలో నాలుగు పంక్తులతో సరిపోవుచున్నది.

ప్రమాదము జరిగినప్పుడెల్ల మనము రెండు మాటలతో సమాధానపడుదుము. వాని ఆయువు తీఱినదనుట యొకటి. డ్రైవరు మత్తులోనో నిద్రలోనో ఉండియుండుననుట రెండవది. మొదటి మాట దుఃఖితులకు ఓదార్పు. దానిని నేను ఆక్షేపింపను. రెండవ మాటలో సత్యము లేకపోలేదు. కాని ఒకే వంపు వద్ద మూడేండ్లలో ఆఱు బండ్లు పడినవనుకొనుడు. ఆఱుగురు డ్రైవరులకును అక్కడనే నిద్ర వచ్చినదా? అందఱి ఆయువును ఆ కిలోమీటరు రాతి యొద్దనే తీఱినదా? మనుష్యులు మాఱుచు చోటు మాఱనప్పుడు విచారింపవలసినది చోటును.

ఈ విచారణ మన యాచారములో లేదు. ప్రమాదము జరుగగనే పోలీసువారు వచ్చి కేసు వ్రాయుదురు. వారి పని నేరస్థుని కనుగొనుట. ఎవడు నడిపెను, ఎంత వేగముగా నడిపెను, లైసెన్సు ఉన్నదా లేదా అని అడుగుదురు. అడుగవలసినదే. అందువలననే దేశమంతటి పట్టికలలో మరణములకు కారణము అతివేగమని నూటికి డెబ్బదికి పైగా వ్రాయబడియున్నది. అయితే ఆ వేగమును ఆ చోట పిలిచినదెవరు? వెడల్పుగా, తిన్నగా, నున్నగా రోడ్డు వేసి, దానిని ఒక్కసారిగా ఊరి నడుమకు తెచ్చి, బడియెదుట విడిచినవాడు వేగముగా రమ్మని పిలిచినవాడే యగును. అచ్చట ఒక చిన్న బోర్డు నాటి, నెమ్మదిగా పొమ్మని వ్రాసినంతమాత్రమున ఆ పిలుపు రద్దుకాదు. నేరము వెదకుట వేఱు, కారణము వెదకుట వేఱు. మొదటిది పోలీసు పని. రెండవది ఇంజనీరు పని.

ఇందులకు ఉపమానము మన కన్నులయెదుటనే యున్నది. గిద్దలూరునుండి నంద్యాలకు నల్లమల మీదుగా రెండు దారులు పోవుచున్నవి. ఒకటి ఇనుప దారి. దిగువమెట్ట, చలమ, గాజులపల్లెల మీదుగా కొండలను తొలుచుకొని పోవు రైలు మార్గము. రెండవది తారు దారి. రెంటికిని కొండ యొకటే, వాన యొకటే. కాని 1989 నాటి రైల్వే చట్టమునుబట్టి క్రొత్త రైలు మార్గముపై ప్రయాణికులను ఎక్కింపవలెనన్నచో రక్షణ కమిషనరు ముందుగా వచ్చి చూడవలెను. ఆయన రైళ్ళు నడుపు శాఖకు లోబడినవాడు కాడు. విమానయాన శాఖ క్రింద పనిచేయువాడు. ఘోరమైన రైలు ప్రమాదము జరిగినచో ఆయనయే విచారించి, పట్టాలదో, సిగ్నలుదో, మనుష్యులదో తప్పును నిర్ణయించును. తారు దారికి అట్టి కావలి యేది? రిబ్బను కత్తిరించుటయే రోడ్డునకు పరీక్షయై పోయినది. తెఱచిన పిమ్మట పరీక్షించువారు ప్రయాణికులే. పరీక్ష తప్పినప్పుడు పోవునది వారి ప్రాణములే.

ఇంజనీరునకు సాధనములు లేవా యన్నచో, కావలసినన్ని యున్నవి. వానిని నాలుగు తెగలుగా చెప్పెదను.

మొదటి సాధనము లెక్క. మార్కాపురము పలకలకు ప్రసిద్ధి. పలకమీద వ్రాసినది తడిగుడ్డతో తుడిచివేయవచ్చును. ప్రమాదముల లెక్క అట్టి పలకలెక్క కారాదు. ఇందులకై మద్రాసు ఐ.ఐ.టి.యు, జాతీయ సమాచార కేంద్రమును కలిసి ఐరాడ్ అను పద్ధతిని నిర్మించినవి. పోలీసు ఉద్యోగి ప్రమాదస్థలముననే నిలిచి తన చేతి ఫోనులో ఆ చోటి గుర్తును, చిత్రములను, వివరములను నమోదు చేయును. ఆ కబురు రోడ్డు ఇంజనీరునకు, రవాణా అధికారికి, ఆసుపత్రికి చేరును. ఇంజనీరు ఆ చోటికి పోయి వంపు, వాలు, వెడల్పు, బోర్డులు, దీపములు ఎట్లున్నవో తన వంతు వ్రాయవలెను. ఈ వంతును కార్యాలయమున కూర్చుండి పూరించినచో ఆ లెక్కకు విలువ లేదు. ప్రమాదము రాత్రి జరిగినచో రాత్రియే పోయి చూడవలెను. వానలో జరిగినచో వానలోనే చూడవలెను. పగటి యెండలో ప్రతి వంపును అమాయకముగనే కనబడును.

రెండవ సాధనము నియమగ్రంథము. రోడ్లను గుఱించి 1927లో జయకర్ గారి అధ్యక్షతను ఒక సంఘము ఏర్పడినది. దాని సూచనను అనుసరించి 1934 డిసెంబరులో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్సు పుట్టినది. నాటినుండి నేటివఱకు అది అచ్చువేసిన నియమములు పెక్కులు. బోర్డులకు 67వది, రోడ్డుపై గీతలకు 35వది, ఇనుప కంచెలకు 119వది, కాలినడకవారి వసతులకు 103వది, పనిజరుగు చోట్ల జాగ్రత్తలకు ప్రత్యేక గ్రంథము 55వది; ఇట్లు ప్రతి విషయమునకును కొలతలతో కూడిన మార్గదర్శకము గలదు.

ఆ కొలతల వెనుక మనుష్యుని దేహధర్మము దాగియున్నది. ఒక యుదాహరణము చెప్పెదను. ముందు అడ్డు కనబడినప్పుడు డ్రైవరు గ్రహించి బ్రేకుపై కాలు వేయుటకు రెండున్నర సెకనులు పట్టునని గ్రంథకర్తలు లెక్కగట్టిరి. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఆ రెండున్నర సెకనులలోనే సుమారు 55 మీటర్లు పోవును. ఆ పిమ్మటగాని బ్రేకు పట్టదు. అందుచేత ఆ వేగమునకు 120 మీటర్ల దూరము కనబడవలెనని నియమము. 65 కిలోమీటర్లకు 90 మీటర్లు, 100 కిలోమీటర్లకు 180 మీటర్లు. మిట్టకు ఆవలనో, తుమ్మచెట్ల మాటుననో, దుకాణపు పందిరి వెనుకనో ఈ దూరము కనబడని చోట రెండే మార్గములు: అడ్డు తొలగించుట, లేదా వేగము తగ్గునట్లు రోడ్డును దిద్దుట. మూడవ మార్గముగా ప్రారబ్ధమును తెచ్చిపెట్టుట ఇంజనీరునకు తగదు.

మూడవ సాధనము నల్లమచ్చల విచారణ. జాతీయ రహదారిపై సుమారు అఱకిలోమీటరు మేర, మూడేండ్లలో మరణముగాని తీవ్రగాయముగాని కలిగిన ప్రమాదములు అయిదు జరిగినను, లేక పదిమంది మరణించినను, ఆ చోటిని బ్లాక్ స్పాట్ అని పేర్కొనవలెనని కేంద్రశాఖ 2015లో నిర్ణయించినది. అట్టి చోట్లను గుర్తించి చికిత్స చేయు విధమును రోడ్స్ కాంగ్రెస్సు 2022లో 131వ గ్రంథముగా ప్రకటించినది. ఇది మంచి సాధనమే. కాని దీనికొక లోపము గలదు. ఇది మరణములు లెక్కకు వచ్చువఱకు కాచుకొనియుండును. నాలుగు ఘోరములు జరిగిన చోటు మచ్చ కాదు. అయిదవది జరిగిననే మచ్చ. మన సీమవంటి చోట్ల బండ్ల రద్దీ తక్కువ. మరణములు ఒకచోట కుప్పపడక మైలునకొకటిగా చెదరిపోవును. ఒక్కొక్క చోటు లెక్కకు రాదు. మొత్తముమీద రోడ్డు మాత్రము ప్రాణములు తీయుచునే యుండును.

ఈ చిక్కును ఇతర దేశములవారు ముందే కనిపెట్టిరి. అమెరికా రాష్ట్రముల రహదారి అధికారుల సంఘము 2010లో ఒక రహదారి రక్షణ గ్రంథమును ప్రకటించినది. ఒక చోట గత కొద్ది యేండ్లలో జరిగినదానినే నమ్మి కూర్చుండరాదు. అట్టి వెడల్పు, అట్టి వంపు, అట్టి రద్దీగల రోడ్లన్నిటిమీద సగటున ఏమి జరుగుచున్నదో దానితో కలిపి చూచి, జరుగబోవుదానిని అంచనా కట్టవలెనని అది బోధించుచున్నది. అంతర్జాతీయముగా వాడుకలోనున్న మఱొక పద్ధతి, రోడ్డు పొడవునను దాని గుణమును పరీక్షించి ఒకటినుండి అయిదు నక్షత్రముల వఱకు మార్కులిచ్చుట. ఇందు మరణముల కొఱకు కాచుకొనుట లేదు. పంటకు తెగులు సోకునని మబ్బునుబట్టి ముందే గ్రహించు రైతు పద్ధతి యిది.

నాలుగవ సాధనము, అన్నిటికంటె ముఖ్యమైనది, రక్షణ తనిఖీ. రోడ్స్ కాంగ్రెస్సువారి ప్రత్యేక గ్రంథము 88వది దీనిని వివరించుచున్నది. 2019లో దానిని సవరించి ప్రకటించిరి. రోడ్డును రచించినవాడుగాని నిర్మించినవాడుగాని కాని వేఱొక నిపుణుడు, మొదటి ఆలోచననాడును, నక్షా నాడును, పని జరుగుచుండగను, తెఱచుటకు ముందును, తెఱచిన పిమ్మటను వచ్చి చూడవలెను. నక్షా సరిగా నున్నదా యని మాత్రమే ఆయన అడుగడు. ఈ దారిన రాత్రి వచ్చు లారీవాడు, బిడ్డను చంకనెత్తుకొని రోడ్డు దాటు తల్లి, వెనుక గడ్డిమోపు కట్టుకొని సైకిలుపై పోవు ముసలివాడు, వీరిలో ఒక్కొక్కని కంటితో ఆ రోడ్డును చూచును. రైలునకు కమిషనరు చేయు పనిలో కొంతయైన రోడ్డునకు ఈ తనిఖీ చేయగలదు. చేయవలసినచోట చేసి, తేలిన దోషములను తెఱచుటకు ముందే దిద్దినప్పుడు మాత్రమే చేయగలదు. తనిఖీ కాగితము ఫైలులోను, దోషము రోడ్డుమీదను ఉండిపోయినచో రెంటివలనను ప్రయోజనము లేదు.

ఇక ఈ సాధనములు మన సీమకు ఎట్లు వర్తించునో చూతము.

గిద్దలూరు దాటి నల్లమల ఎక్కు ఘాటు రోడ్డున, దోర్నాలనుండి శ్రీశైలమునకు ఎక్కు రోడ్డున, వంపులను సరిచేయుటకు కొండను తొలుచుట సులభము కాదు. అడవిని ముట్టుటకు అనుమతులు కావలెను. పులుల సంరక్షణ ప్రదేశమున ఆ కట్టుబాటు మఱింత గట్టిది, గట్టిగా నుండవలసినదే. కావున ఇచ్చట గొప్ప సాధనములకంటె చిన్న సాధనములకే పని యెక్కువ. వంపు తిరుగు వైపును చూపు బాణపు బోర్డులు, దీపపు వెలుగు పడగనే మెఱయు గుంజలు, రోడ్డు నడుమను అంచులను చెఱగని గీతలు, లోయవైపు విడువకుండ ఇనుప కంచె, వెలుపలి అంచు ఎత్తుగా లోపలికి వాలు, దిగుడునకు ముందే గేరు తగ్గింపుమని లారీలకు హెచ్చరిక, వేడెక్కిన బ్రేకులు చల్లారుటకు ఆగు చోట్లు. ఇవియే కొండమీద ప్రాణము నిలుపు వస్తువులు. కంచె నాటినచో దాని కొసనుగూడ చూడవలెను. మొండిగా బయటికి పొడుచుకొనియున్న ఇనుప కొస, తప్పిన బండిని కాపాడుటకు మాఱుగా బల్లెమువలె చీల్చును. కొసను నేలలోనికి వంచుటయో, తాకిడిని సహించు మొనను అమర్చుటయో చేయవలెనని గ్రంథము చెప్పుచునే యున్నది.

మైదానమున చిక్కు వేఱు. మన పల్లెలు రోడ్డునకు ఇరువైపుల పెరిగినవి. బడి యొకవైపు, ఊరు మఱొకవైపు. మిరప, కంది, ప్రత్తి చేలలోనికి కూలీలు తెల్లవాఱుజామున ఆటోలలో క్రిక్కిఱిసి పోవుదురు. గొఱ్ఱెలమందలు దాటును. శివరాత్రి దినములలో శ్రీశైలమునకు కాలినడకను పోవు భక్తులు రాత్రింబవళ్ళు రోడ్డు అంచుననే నడతురు. వీరు రోడ్డునకు అడ్డు వచ్చినవారు కారు. రోడ్డే వారి నడుమకు వచ్చినది. కావున ఊరి మొగమున వేగము తగ్గు ఏర్పాటు, నడుచువారికి వేఱు బాట, దాటుటకు గుర్తింపబడిన చోటు, చిన్న రోడ్డు పెద్ద రోడ్డును కలియునచ్చట దీపము, ఇవి దయాదత్తములు కావు, రోడ్డులో భాగములు. సగటు వేగము నూటికి ఒక పాలు పెరిగినచో మరణప్రమాదము సుమారు నాలుగు పాళ్ళు పెరుగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఇట్లే తిరుగ వేసి చూచినచో, ఊరిలో కొద్దిపాటి వేగము తగ్గించుటవలన ఎంత పుణ్యమో తెలియును.

రోడ్డు వెడల్పు చేయు కాలమున ప్రమాదము మఱింత. త్రవ్విన గోతికి ముందు రెండు రాళ్ళు పెట్టి, వానికి సున్నము పూసి పోవుట మన కంట్రాక్టరులలో పలువురి యాచారము. రాత్రి మోటారుసైకిలుపై వచ్చువానికి ఆ రాళ్ళే మృత్యువు. ముందు హెచ్చరిక, పిదప మళ్ళింపు, పిదప మెఱయు అడ్డుకట్ట, చివర పూర్వపు దారికి చేర్పు, ఇట్లు అంచెలంచెలుగా ఏర్పాటుండవలెనని నియమము. ఇది ఒప్పందములోని పనియే.

ఇచ్చట ఇంజనీరులు నాకొక ప్రశ్న వేయవచ్చును: ప్రజలు చేయుదానికి మేమేమి చేయగలమని. నిజమే. మన వారు రోడ్డుపై మొక్కజొన్నలు ఆరబోయుదురు. మార్జినులో అంగళ్ళు వేయుదురు. 2022లో హెల్మెటు లేక మరణించినవారు దేశమున 50,029 మంది. ఊరిలో ఒకడు చనిపోయిన మఱునాడు కోపముతో మట్టియు రాళ్ళును పోసి స్పీడుబ్రేకరు కట్టుదురు. గుర్తులేని ఆ దిమ్మె తగిలి మఱొకడు పడును. గుండ్రని దిమ్మెకు 3.7 మీటర్ల వెడల్పు, పది సెంటీమీటర్ల యెత్తు అని కొలతలున్నవి. అవి పల్లెవారికెట్లు తెలియును? కాని ఆ మట్టిదిమ్మెను ఒక యర్జీగా చదువుడు. ఇచ్చట వేగము తగ్గింపుడని ప్రజలు తమకు తెలిసిన లిపిలో వ్రాసిన యర్జీ యది. దానిని త్రవ్వి పారవేయుటతో మీ పని తీఱదు. దానికి ప్రత్యుత్తరముగా సరియైన కట్టడమును ఇచ్చినప్పుడే తీఱును. మనుష్యుడు పొరబడును. ఆ పొరబాటునకు మరణశిక్ష విధింపని రోడ్డును కట్టుట ఇంజనీరు విద్య. 1997లో స్వీడను దేశపు పార్లమెంటు దీనినే తన రోడ్లకు నీతిగా అంగీకరించినది. ఘోరముగా గాయపడినవానిని ఒంగోలునకో గుంటూరునకో చేర్పవలసిన మన సీమలో ఈ నీతి యింకను అవశ్యము; ఆసుపత్రి దూరమైనకొలది రోడ్డు క్షమాగుణము ఎక్కువగా నుండవలెను.

రెండవ ప్రశ్న ధనమును గుఱించినది. వంతెనలకు, బైపాసులకు కోట్లు కావలెను, నిజము. కాని గీత, బోర్డు, మెఱయు గుంజ, కొట్టివేసిన కొమ్మ, పూడ్చిన అంచు వీనికి కోట్లు అక్కఱలేదు. కావలసినది వచ్చి చూచు కన్ను.

చట్టముగూడ ఇప్పుడు ఈ వైపునకే తిరిగినది. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టమున 198-ఎ అను సెక్షను చేరినది. రోడ్డు రచనయందుగాని, నిర్మాణమందుగాని, పోషణయందుగాని నియమిత ప్రమాణములను పాటింపనందున మరణముగాని వైకల్యముగాని కలిగినచో, బాధ్యుడైన అధికారికి, సలహాదారునకు, కంట్రాక్టరునకు లక్ష రూపాయలవఱకు జరిమానా విధింపవచ్చును. ఒక ప్రాణమునకు లక్ష యొక లెక్క కాదు. అయినను రోడ్డుగూడ ముద్దాయి కావచ్చునని ఈ దేశపు చట్టము ఒప్పుకొన్నది. అది చిన్న సంగతి కాదు.

కావున, సోదరులారా, ఈ సభ మూడు కోరికలను కోరవలెనని నా ప్రార్థన. ఈ సీమలో ఏ రహదారి భాగమును తెఱచినను ముందుగా రక్షణ తనిఖీ జరిగి, దాని నివేదిక ఆ దారినున్న ప్రతి పంచాయతీ కార్యాలయమున తెలుగులో అంటింపబడవలెను. ఎచ్చట మరణము సంభవించినను ఇంజనీరు పోలీసుతో కూడ ఆ స్థలమునకు వచ్చి, తాను కనుగొన్న కారణమును, చేయబోవు చికిత్సను, దాని గడువును వ్రాసి యుంచవలెను. ప్రతి సంవత్సరము వానలకు ముందు ఘాటు రోడ్లను, ఊరి మొగములను రాత్రివేళ పరీక్షింపవలెను. వీనిలో ఒక్కదానికైనను క్రొత్త శాస్త్రము అక్కఱలేదు. ఉన్న గ్రంథమును తెఱచి చూచిన చాలును.

ఇంజనీరు మిత్రులారా, కంభము చెఱువుకట్ట వేసినవారి పేర్లు మనలో పెక్కుమందికి తెలియవు. అయినను గుండ్లకమ్మ నీరు ఆ కట్టను నమ్మి శతాబ్దులుగా నిలిచియున్నది. కట్టినదానిని నమ్మి జనులు నిద్రపోగలుగుటయే కట్టడమునకు గౌరవము. రేపు మీ రోడ్డుపై రాత్రి బస్సులో తలవాల్చి నిద్రించు కూలివానికి మీ పేరు తెలియదు. వాడు తెల్లవాఱి తన ఊరిలో దిగినచో మీ విద్య ఫలించినట్లే.